మాధ్యమిక పాఠశాలలో సాంకేతిక సాధనాల వినియోగం: కర్తృ కరణ వివేచన

క్రియను నిర్వహించుటలో స్వాతంత్ర్యం గలవాడు కర్త. ఆ క్రియ సిద్ధించుటకు మిక్కిలి తోడ్పడేది కరణం. పాణిని కారక ప్రకరణంలో చేసిన ఈ విభాగం ప్రాచ్య కళాశాల విద్యార్థికి తొలి సంవత్సరంలోనే పరిచితమవుతుంది. గొడ్డలి ఎంత పదునైనదైనా తానై చెట్టును నరకదు. నరికేవాని సంకల్పం, బలం, గురి తోడు కానప్పుడు అది మూలనున్న ఇనుము మాత్రమే. "కత్తి చక్కగా కోస్తున్నది" అని లోకం అంటుంది. కరణానికి కర్తృత్వాన్ని వివక్షించి అట్లా ప్రయోగించడం భాషలో సాధువే. విద్యా పరిపాలనలో మాత్రం ఆ వివక్ష అనర్థదాయకం. "కంప్యూటర్ పాఠం చెప్పుతుంది", "దూరదర్శన్ గ్రామాన్ని మారుస్తుంది", "టాబ్ విద్యార్థిని తీర్చిదిద్దుతుంది" అనే మాటలు మొదట వాడుకలో అలంకారంగా పుట్టి, తరువాత ప్రణాళికలలో విధివాక్యాలుగా స్థిరపడినాయి. మాధ్యమిక పాఠశాలలలో సాంకేతిక సాధనాలు ఎందుకు కొన్నిచోట్ల వినియోగంలోకి వస్తున్నాయి, ఎందుకు పెక్కుచోట్ల తాళం వేసిన గదులలో ఉండిపోతున్నాయి అనే ప్రశ్నకు సమాధానం ఈ కర్తృ కరణ వ్యత్యాసంలోనే వెదకవలసి ఉన్నది.

ఈ ప్రశ్న ప్రాచ్య కళాశాలలకు దూరమైనది కాదు. భాషాప్రవీణ పట్టం పుచ్చుకొని, పండిత శిక్షణ ముగించుకొని వెలుపలికి వచ్చిన విద్యార్థికి ప్రధానమైన జీవనక్షేత్రం ఉన్నత పాఠశాల. ఆ పాఠశాలలో యంత్రం ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి చేతిలో లేదు అనే విషయం తెలుగు, సంస్కృత బోధనల భవిష్యత్తుతో ముడిపడి ఉన్నది.

పూర్వచరిత్ర

విద్యారంగంలో యంత్రం గురించి చేసిన వాగ్దానాల చరిత్ర నూరేళ్లకు పైబడినది. చలనచిత్రాలు వచ్చిన తొలినాళ్లలోనే, 1913 ప్రాంతంలో, థామస్ ఎడిసన్ పాఠశాలలలో పుస్తకాలు త్వరలో అనావశ్యకమవుతాయని ప్రకటించాడు. అది జరగలేదు. చలనచిత్రం, రేడియో, టెలివిజన్, కంప్యూటర్ వరుసగా అమెరికా తరగతి గదులలోకి వచ్చిన తీరును లారీ క్యూబన్ 1986లో ప్రచురించిన గ్రంథంలో పరిశీలించి, ప్రతి పర్యాయం ఒకే క్రమం పునరావృతమైనట్లు చూపినాడు. మొదట గొప్ప ఆశ, పిదప అల్ప వినియోగం, ఆపైన ఉపాధ్యాయులపై నింద. అదే విద్వాంసుడు 2001లో మరొక గ్రంథంలో సిలికాన్ వ్యాలీ పాఠశాలలను పరిశీలించినాడు. అక్కడ యంత్రాలకు కొరత లేదు. అయినప్పటికీ వాటిని బోధనలో తరచుగా వాడే ఉపాధ్యాయులు కొద్దిమందే. వాడేవారిలోనూ అధిక సంఖ్యాకులు తమ పాత బోధనా పద్ధతికి ఊతంగానే వాటిని వాడుకున్నారు. సమృద్ధి ఉన్నచోట సైతం వినియోగం తనంతట తాను కలుగదని దీనివల్ల స్పష్టం.

భారతదేశంలో ఈ చరిత్రకు విశిష్టమైన అధ్యాయాలున్నాయి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా దూరదర్శన్ కార్యక్రమాలు అందించిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు ప్రసారాలుండేవి. అది ప్రాథమిక పాఠశాలల బాలురకు ఉద్దేశించిన ప్రయత్నమే అయినా, ప్రజల భాషలో కార్యక్రమాలు తయారు చేయవలెనన్న స్పృహను అది కలిగించింది. మాధ్యమిక పాఠశాలలలోకి కంప్యూటర్ 1984లో 'క్లాస్' అనే పథకం ద్వారా వచ్చింది. తొలిదశలో సుమారు 250 పాఠశాలలకు ఇంగ్లండులో రూపొందిన బి.బి.సి. మైక్రో యంత్రాలను సరఫరా చేసినారు. ఆ యంత్రపు తెరపై కనిపించేది ఆంగ్లాక్షరమే. గణితోపాధ్యాయుడు లేక విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు దానిని సమీపించినాడు. తెలుగు పండితుడు ఆ గది గడప తొక్కవలసిన అవసరమే కల్పించబడలేదు. 1986 నాటి జాతీయ విద్యావిధానం ప్రసార మాధ్యమాలకు, విద్యాసాంకేతికతకు ప్రత్యేక స్థానమిచ్చింది. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 'ఐ.సి.టి. ఎట్ స్కూల్స్' పథకాన్ని ఆరంభించి, 2010లో సవరించింది. తరువాత అది 2018లో ఏర్పడిన సమగ్ర శిక్షా పథకంలో అంతర్భాగమైనది. 2017లో 'దీక్షా' వేదిక వచ్చింది. పథకాల పేర్లు మారినాయి. ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ గది, తరగతి గది వేరువేరు లోకాలుగా ఉండిపోవడం మాత్రం చాలాకాలం మారలేదు.

హేతు విభాగం

వినియోగాన్ని నిర్ణయించే హేతువులను పరిశోధకులు పలు విధాల విభజించినారు. పెగ్గీ ఎర్ట్‌మర్ 1999లో చేసిన విభాగం సుబోధకమైనది. యంత్రం, విద్యుత్తు, సమయం, శిక్షణ మొదలైన బాహ్య ప్రతిబంధకాలు మొదటి వర్గం. బోధనపై ఉపాధ్యాయునికి గల విశ్వాసాలు, అలవాట్లు, మార్పు పట్ల సంసిద్ధత మొదలైన ఆంతరిక ప్రతిబంధకాలు రెండవ వర్గం. బాహ్యమైనవి తొలగినంత మాత్రాన ఆంతరికమైనవి తొలగవు. ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన సిద్ధాంతం మరింత సంక్షిప్తమైనది. ఒక సాధనాన్ని మనిషి స్వీకరించడం రెండు భావనలపై ఆధారపడుతుంది. అది తన పనికి ఉపయోగపడుతుందన్న భావన ఒకటి, దానిని వాడడం సులభమన్న భావన రెండవది. ఈ రెండు విభాగాలను తెలుగు నాట ఉన్నత పాఠశాల స్థితికి అన్వయించినప్పుడు ఐదు అంశాలు ప్రధానంగా గోచరిస్తాయి.

మొదటిది సదుపాయం. 2023-24 సంవత్సరపు యుడైస్ ప్లస్ గణాంకాల ప్రకారం దేశంలోని అన్ని స్థాయుల పాఠశాలలలో పనిచేసే కంప్యూటర్లున్నవి 57.2 శాతం, అంతర్జాల సౌకర్యమున్నవి 53.9 శాతం. 2024-25 నాటికి ఇవి 64.7, 63.5 శాతాలకు పెరిగినాయి. పెరుగుదల హర్షణీయమే. అయితే ఈ లెక్క పాఠశాల ద్వారం వద్దనే ఆగిపోతుంది. యంత్రం ఉన్నదా లేదా అనేది అది చెప్పుతుంది. ఆ యంత్రం ఏ వారంలో, ఏ పాఠానికి, ఎవరి చేత తెరవబడినదో చెప్పదు. ఒక చిన్న భాగం చెడిపోతే బాగుచేయించుటకు ప్రధానోపాధ్యాయునికి నిధి ఉన్నదా, దానిని ఖర్చు చేసే అధికారమున్నదా అనే ప్రశ్న వినియోగాన్ని మరింతగా శాసిస్తుంది. పోతే తానే జవాబుదారీ కావలసి వస్తుందన్న భయంతో బీరువాలో భద్రపరచిన పరికరం లెక్కలో 'ఉన్నది', పాఠంలో 'లేదు'.

రెండవది కాలం. ఉన్నత పాఠశాలలో ఒక పీరియడు వ్యవధి ఇంచుమించు 45 నిమిషాలు. నలభై మంది విద్యార్థులను వరుసగా మరొక గదికి తీసుకొని పోవుటకు, యంత్రాలు తెరచుటకు పది నిమిషాలు గడుస్తాయి. పది యంత్రాలున్న గదిలో ఒక్కొక్కదానికి నలుగురు చేరుతారు. మీటపై వ్రేలు మోపే అవకాశం నలుగురిలో ఒకనికి వస్తుంది. తక్కిన ముగ్గురు చూస్తారు. వంతు తిరిగేలోగా గంట మోగుతుంది. ఈ గణితం తెలిసిన ఉపాధ్యాయుడు నల్లబల్ల దగ్గరే ఉండిపోవడం సోమరితనం కాదు, వివేకమే. తరగతి గదిలోనే తెరను అమర్చే పద్ధతి ఈ చిక్కును కొంత తీర్చగలదు. ఇటీవలి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలల తరగతి గదులలో పెద్ద స్పర్శా తెరలు అమర్చడంలోని సమంజసత్వం ఇక్కడే ఉన్నది.

మూడవది పరీక్ష. పదవ తరగతి పబ్లిక్ పరీక్ష కలం, కాగితాలతో జరుగుతుంది. విద్యార్థికి, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయునికి, పై అధికారికి, అందరికీ కొలమానం ఆ ఫలితమే. పరీక్షలో స్థానం లేని కృత్యం డిసెంబరు దాటిన పిదప తరగతిలో నిలువదు. ఇది ఎవరి తప్పూ కాదు. ఫలం ఎక్కడ విధింపబడినదో ప్రవృత్తి అక్కడికే పోతుందన్నది మీమాంసకులకు తెలియని సంగతి కాదు.

నాలుగవది శిక్షణ. పథకాలలో శిక్షణ అనే పదం సాధారణంగా యంత్రాన్ని తెరచుట, మూయుట, పత్రం తయారు చేయుట అనే అర్థంలో వాడబడింది. పాఠంతో దానికి గల సంబంధాన్ని చూపడం అరుదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఇద్దరు నాట్యాచార్యుల వివాద సందర్భంలో ఒక సూక్ష్మం చెప్పించినాడు. కొందరి విద్య తమయందే శోభిస్తుంది, కొందరికి దానిని ఇతరులలో సంక్రమింపజేసే నేర్పు ఉంటుంది, ఈ రెండూ గలవాడు అధ్యాపకులలో అగ్రగణ్యుడు. విషయజ్ఞానం, బోధనా నైపుణ్యం అనే ఈ ద్వయాన్ని ఆధునిక కాలంలో లీ షుల్మన్ 1986లో విద్యాశాస్త్ర పరిభాషలో ప్రతిపాదించినాడు. మిశ్రా, కోలర్ అనే పరిశోధకులు 2006లో దానికి సాంకేతిక జ్ఞానాన్ని మూడవ అంశంగా చేర్చి, మూడూ కలిసిన చోటనే ఫలవంతమైన వినియోగం సాధ్యమన్నారు. మూడవదానిని మాత్రమే విడదీసి మూడు రోజుల తరగతులలో నేర్పితే అది మూడు నెలలలో మరుగున పడుతుంది.

ఐదవది విశ్వాసం. తన పాఠానికి ఈ సాధనం అవసరమని ఉపాధ్యాయునికి తోచవలె. ఆ తోపును ఉత్తర్వు కలిగించలేదు. ఉత్తర్వు వల్ల ఛాయాచిత్రాలు, హాజరు పట్టికలు, నివేదికలు మాత్రమే కలుగుతాయి.

రెండు మార్గాలు

ఈ హేతువుల బలాబలాలు తెలియుటకు రెండు నిర్వహణ పద్ధతులను పోల్చి చూడవచ్చు. పెక్కు రాష్ట్రాలలో అనుసరించిన మొదటి పద్ధతిలో ఒక ప్రయివేటు సంస్థ కంప్యూటర్ గదిని ఏర్పరచి, కొన్ని సంవత్సరాలు తానే నడిపి, గడువు ముగిసిన పిదప పాఠశాలకు అప్పగిస్తుంది. బోధకుడు కూడా ఆ సంస్థ నియమించినవాడే. తెలుగు నాట ఉన్నత పాఠశాలలలోనూ ఈ పద్ధతి నడచింది. యంత్రాలు వేగంగా వచ్చినాయి. అయితే కంప్యూటర్ ఒక ప్రత్యేక విషయమైనది, దానికి ప్రత్యేక బోధకుడున్నాడు. తక్కిన ఉపాధ్యాయులకు దానితో ప్రసక్తి లేదు. గడువు తీరగానే బోధకుడు వెళ్లిపోయినాడు. యంత్రాలు మిగిలినాయి. వాటిని వాడగలవారు మిగలలేదు. ఇక్కడ కర్త తాత్కాలికుడు, కరణం శాశ్వతం.

కేరళ రాష్ట్రం 2001 ప్రాంతంలో 'ఐ.టి. ఎట్ స్కూల్' పేరుతో ఆరంభించిన మార్గం వేరు. అక్కడ శిక్షకులను పాఠశాల ఉపాధ్యాయులలో నుండే ఎన్నుకున్నారు. భాషోపాధ్యాయులతో సహా అన్ని విషయాల వారికి శిక్షణ ఇచ్చినారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించి, మలయాళ లిపిలో పనిచేయుటకు అనువుగా మలచుకున్నారు. పదవ తరగతి పరీక్షలో ఈ విషయానికి ప్రయోగ పరీక్షను చేర్చినారు. ఆ పథకం 2017లో 'కైట్' అనే సంస్థగా మారింది. ఎనిమిది నుండి పన్నెండు తరగతుల వరకు గల 45,000 తరగతి గదులను సాంకేతిక సౌకర్యాలతో సజ్జీకరించే పనిని ఆ సంస్థ నిర్వహించింది. యంత్రాలు తెలుగు నాట వచ్చినట్లే అక్కడా వచ్చినాయి. భేదమంతా కర్త ఎవరన్న దానిలో ఉన్నది. పైన చెప్పిన ఐదు హేతువులలో శిక్షణను, పరీక్షను, భాషను ఒకేసారి సవరించడం వల్ల విశ్వాసం దానంతట అది ఏర్పడుటకు అక్కడ అవకాశం కలిగింది.

భాషా తరగతి: లిపి సమస్య

తెలుగు, సంస్కృత పాఠాల విషయంలో పై ఐదింటికి తోడు ఆరవ హేతువు ఒకటున్నది. అది లిపి. భారతీయ లిపులకు కంప్యూటర్‌లో ప్రామాణిక సంకేతాలను భారత ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి స్థానం లభించింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న తెలుగువారు 1990 దశకం తొలినాళ్లలోనే రోమన్ అక్షరాలతో కొట్టి తెలుగు అక్షరాలను పొందే పద్ధతిని రూపొందించినారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో తెలుగు అక్షరం సామాన్య కంప్యూటర్‌లోకి ప్రవేశించింది. అయితే ముద్రణాలయాలలో, డి.టి.పి. కేంద్రాలలో వాడిన అక్షరరూపాలు ఈ ప్రమాణాలకు వెలుపల ఉండేవి. ఒకచోట కూర్చిన తెలుగు ప్రశ్నపత్రం మరొకచోట తెరిస్తే అర్థం కాని గుర్తుల వరుసగా కనబడేది. ఉపాధ్యాయుడు చేతివ్రాత కాగితం పట్టుకొని డి.టి.పి. కేంద్రానికి పోవడం, అచ్చుతప్పులు దిద్దడం, మరల పోవడం పరిపాటి. డేవిస్ చెప్పిన సౌలభ్య భావన తెలుగు పండితునికి కలుగకపోవడానికి చారిత్రక కారణమిది. అతడు యంత్రాన్ని కాదన్నది తక్కువ, యంత్రమే అతని అక్షరాన్ని చిరకాలం కాదన్నది.

నేడు ఆ అడ్డంకి తొలగింది. తొలగిన సంగతి మాత్రం ప్రాచ్య కళాశాలలకు పూర్తిగా చేరినట్లు తోచదు. దీనికి ఒక్క నిదర్శనం చాలు. భారతీయ భాషలన్నింటికీ ప్రామాణికమైన 'ఇన్‌స్క్రిప్ట్' మీటల అమరిక వర్ణమాల క్రమాన్ని ఆశ్రయించి ఏర్పడినది. స్వరాలు ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడిచేతి వైపు ఉంటాయి. క, చ, ట, త, ప అనే వర్గ ప్రథమాక్షరాలన్నీ నడిమి వరుసలో ఉంటాయి. వాటిపై వరుసలో వర్గ తృతీయాలైన గ, జ, డ, ద, బ లు ఉంటాయి. అదే మీటను షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఆయా అక్షరపు మహాప్రాణం వస్తుంది. ఇకార, ఉకారాల హ్రస్వాలు నడిమి వరుసలోను, దీర్ఘాలు వాటిపైని ఉంటాయి. సంయుక్తాక్షరం కావలెనంటే హల్లు, పొల్లు, హల్లు, ఆపైన స్వరచిహ్నం అనే వరుసలో కొట్టవలె. అంటే 'క్ష్మ' అని వ్రాయదలచిన బాలుడు ఆ అక్షరంలో ఎన్ని హల్లులున్నవో, ఏ క్రమంలో ఉన్నవో తెలుసుకోక తప్పదు. ఇది స్థాన ప్రయత్న వివేకమే, వర్ణక్రమ పాఠమే. పైగా తెలుగుకు నేర్చిన అమరికయే దేవనాగరికీ వర్తిస్తుంది గనుక తెలుగు, సంస్కృతం రెండూ బోధించేవానికి ఒక్క అభ్యాసంతో రెండు లిపులు వశమవుతాయి. వర్ణసమామ్నాయం కంఠస్థమైన పండితునికన్నా దీనిని చక్కగా బోధించగలవారు పాఠశాలలో మరొకరు లేరు. అయినా పాఠశాల బాలుడు నేడు తన ఫోనులో రోమన్ స్పెల్లింగు ద్వారానే తెలుగును పొందుతున్నాడు. ళకార లకార భేదం, అల్పప్రాణ మహాప్రాణ భేదం పెద్దబడి, చిన్నబడి రోమన్ అక్షరాల గారడీగా అతనికి తోస్తున్నది. పండితుడు విడిచిన స్థలాన్ని రోమన్ లిపి ఆక్రమించినది.

ఇతర ఉపకరణాలదీ ఇదే స్థితి. పద్యపాదాన్ని ఇస్తే గురులఘువులు గుర్తించి గణవిభజన చూపే ఛందోపకరణాలు అంతర్జాలంలో ఉచితంగా ఉన్నాయి. ఆంధ్రభారతి నిఘంటుశోధనలో శబ్దరత్నాకరం, బ్రౌను నిఘంటువు మొదలైనవి ఒక్కసారే వెదకవచ్చు. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృత అధ్యయన విభాగంలో రూపొందిన 'సంసాధని' సుబంత తిఙంత రూపాలను సాధించి చూపుతుంది, సంధిని విడదీస్తుంది. ఇవి పాఠాన్ని తాము చెప్పవు. ఉత్పలమాలలో యతిస్థానం ఎందుకు అక్కడ పడినదో, ఆ విరామం అర్థానికి ఎట్లు తోడ్పడినదో చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే. గణాలు గుర్తించే శ్రమ తగ్గినందువల్ల ఆ వివరణకు పది నిమిషాలు మిగులుతాయి. కరణం చేయదగిన ఉపకారం అంతవరకే, అది చాలును.

ఆక్షేపములు, సమాధానములు

యంత్రం ధారణను చెరుస్తుందని, గురుముఖతః నేర్వవలసిన విద్యను యాంత్రికం చేస్తుందని ఒక పక్షం. ఈ ఆక్షేపంలో సారమున్నది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 2015లో ప్రకటించిన నివేదిక, పాఠశాల కంప్యూటర్లపై భారీగా వ్యయం చేసిన దేశాలలో చదువు, గణితం, విజ్ఞానశాస్త్రాలలో చెప్పుకోదగిన అభివృద్ధి కనిపించలేదని తెలిపింది. యునెస్కో 2023 నాటి ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక ఈ సాధనాలు ఎవరి షరతులపై వస్తున్నవని సూటిగా ప్రశ్నించింది. కనుక యంత్రాన్ని కాదనే స్వాతంత్ర్యం కూడా కర్తకు ఉండవలసినదే. అయితే తెలిసి కాదనడం వేరు, తెలియక దూరంగా ఉండడం వేరు. మొదటిది స్వాతంత్ర్యం, రెండవది పారతంత్ర్యం. తాళపత్రం నుండి అచ్చుపుస్తకానికి మారిన కాలంలోనూ ఇట్టి శంకలు సహజంగానే కలిగి ఉంటాయి. అచ్చును స్వీకరించి పరిష్కరణలు చేసిన పండితుల వల్లనే ప్రబంధాలు నేటి విద్యార్థికి అందినాయి.

దీనికి విరుద్ధమైన మరొక ధోరణి ఉన్నది. కంప్యూటర్‌కు సంస్కృతమే అత్యుత్తమ భాష అని నాసా ప్రకటించినదని సభలలో తరచు వినబడుతుంది. దీనికి మూలం 1985లో రిక్ బ్రిగ్స్ వ్రాసిన ఒక వ్యాసం. శాబ్దబోధ ప్రక్రియకు, కృత్రిమ మేధలోని జ్ఞాననిరూపణ పద్ధతులకు గల సామ్యాన్ని ఆ వ్యాసం చర్చించినది. అది ఒక పరిశోధకుని ప్రతిపాదనయే గాని ఒక సంస్థ తీర్పు కాదు. ఆ వ్యాసం గౌరవార్హమే. దానిని చెప్పుకొని తృప్తి చెందడం మాత్రం సంస్కృత విద్యకు ఉపకరించదు. సభలో ఈ మాటకు చప్పట్లు కొట్టిన కళాశాలలో విద్యార్థి ఒక శ్లోకాన్ని దేవనాగరిలో తప్పులేకుండా కూర్చలేకపోతే ఆ గొప్పతనం ఎవరికి అక్కరకు వస్తుంది?

ప్రస్తుత సందర్భం

2020లో మహమ్మారి కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారాల ద్వారా పాఠాలు చెప్పినారు. ఆ ప్రసారాలు నిర్వహించిన ఉపాధ్యాయుల శ్రమ ప్రశంసనీయం. కాని తెర అవతలి బాలుడు విన్నాడా, గ్రహించినాడా అని తెలుసుకొనుటకు ఉపాధ్యాయుడు మరల ఫోను చేయవలసి వచ్చింది, ఇంటికి పోవలసి వచ్చింది. కర్త లేని కరణం ఎంతవరకు పోగలదో ఆ సంవత్సరం అందరికీ తెలిపింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి చదివే నాలుగున్నర లక్షలకు పైగా విద్యార్థులకు టాబ్‌లు పంపిణీ చేసింది. వాటిలోని పాఠాలు ఒక ప్రయివేటు సంస్థ తయారు చేసినవి. ఇంత పెద్ద ప్రయత్నంలో పాఠం రచించే కర్తృత్వం పాఠశాల ఉపాధ్యాయునికి వెలుపల ఉండిపోవడం ఆలోచింపదగిన విషయం.

అటుపైన మరొక పరిణామం వచ్చింది. 2022 చివరి నుండి, అడిగినంతనే వ్యాసం వ్రాసి ఇచ్చే సంభాషణ యంత్రాలు లోకానికి అందుబాటులోకి వచ్చినాయి. అవి తెలుగులోనూ వ్రాస్తున్నాయి. ఆ తెలుగు కొన్నిసార్లు సాఫీగా, కొన్నిసార్లు ఆంగ్లవాక్యానికి నీడగా ఉంటుంది. పద్యం అడిగితే గణాలు తప్పడం, యతి చెడడం, లేని గ్రంథానికి పేరు చెప్పడం కద్దు. పదవ తరగతి విద్యార్థి తెచ్చిన వ్యాసంలో ఏది అతని మాట, ఏది యంత్రపు మాట, అందులో ఏ వాక్యం తెలుగు నుడికారానికి సరిపడదు అని నిర్ణయించగలవాడు భాషాపండితుడే. ఆ నిర్ణయానికి వ్యాకరణం, ఛందస్సు, విస్తృత గ్రంథపరిచయం కావలె. ఇవన్నీ ప్రాచ్య కళాశాల ఇచ్చే విద్యలే. యంత్రం వచ్చినందువల్ల పండితుని అవసరం తగ్గదు, పెరుగుతుంది. అయితే ఆ అవసరాన్ని తీర్చుటకు అతడు యంత్రం ముందు కూర్చోగలగవలె. కూర్చోలేనినాడు, భాష తెలిసినవానికి సాధనం తెలియక, సాధనం తెలిసినవానికి భాష తెలియక తెలుగు పాఠం రెండు విధాలా చెడుతుంది.

కర్తవ్యం

ప్రాచ్య కళాశాలలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి పెద్ద నిధులు అక్కరలేదు. భాషాప్రవీణ తొలి సంవత్సరంలోనే తెలుగు, దేవనాగరి లిపులను ప్రామాణిక పద్ధతిలో కూర్చే అభ్యాసాన్ని వ్యాకరణ పాఠానికి అనుబంధంగా చేర్చవచ్చు. సంధి ప్రకరణం చదివే విద్యార్థి 'సంసాధని' చూపిన విశ్లేషణను సూత్రాలతో సరిచూచి, అది తప్పినచోట ఎందుకు తప్పినదో వ్రాయవచ్చు. ఆ వ్రాత ఉత్తమమైన వ్యాకరణ పరీక్ష అవుతుంది. పండిత శిక్షణలో ప్రతి అభ్యాసకుడు ఉన్నత పాఠశాల వాచకంలోని ఒక పాఠానికి, ఒకే ఒక సాధనాన్ని వినియోగించి, ఒక పీరియడులో ముగిసే బోధనా ప్రణాళిక తయారు చేయవచ్చు. అవధానాలలో, పద్యపఠనంలో చేయి తిరిగినవారు కళాశాలలలో ఇంకా ఉన్నారు. వారి కంఠంలో వాచక పద్యాలన్నిటినీ పదవిభాగంతో ధ్వనిముద్రణ చేసి పాఠశాలలకు ఉచితంగా అందించవచ్చు. అందుకు ఒక ఫోను, ఒక నిశ్శబ్దమైన గది చాలును.

ప్రభుత్వం చేయదగినది కూడా ఉన్నది. తెర అమర్చిన గదిలో తెలుగు పీరియడుకు వంతు కేటాయించడం, వారానికి ఒక్కసారైనా రెండు పీరియడులు కలిపి ఇవ్వడం, చిన్న మరమ్మతులకు ప్రధానోపాధ్యాయునికి అధికారమివ్వడం, అంతర్గత మూల్యాంకనంలో ఇట్టి కృత్యానికి కొన్ని మార్కులు ఉంచడం ఆ పనులు. తెలుగు పాఠాల అంకీయ రూపాన్ని తయారు చేసే సంఘాలలో ఉన్నత పాఠశాల పండితులకు సభ్యత్వమివ్వడం వీటన్నింటిలో ముఖ్యం. కోరనిదే ఇవి రావు. కోరవలెనంటే కోరేవానికి ఏమి కావలెనో స్పష్టంగా తెలిసి ఉండవలె.

ప్రాచ్య కళాశాలలలో విద్యార్థుల సంఖ్య తగ్గుతున్నదని, పదవులు ఖాళీగా ఉంటున్నవని అధ్యాపకులు వ్యథ చెందడం సహజం. ఆ వ్యథకు కారణాలు అనేకం, అన్నింటికీ యంత్రమే ఔషధం కాదు. అయినా ఒకటి నిశ్చయం. మాధ్యమిక పాఠశాలలో సాధనం ఎంత వాడబడినదన్నది దాని వెలను బట్టి కాక, దాని ముందు నిలిచిన ఉపాధ్యాయుని స్వాతంత్ర్యాన్ని, సామర్థ్యాన్ని బట్టి నిర్ణయమవుతుందని నూరేళ్ల చరిత్ర చెప్పుతున్నది. కర్తృత్వం ఎవరూ దానం చేయరు. తెలుగు తరగతిలో ఆ స్థానం ఇంకా పండితునిదే. దానిని ఖాళీగా విడిచిపెట్టకుండుట ప్రాచ్య కళాశాలల తక్షణ బాధ్యత.